చేను కావలికి ఇద్దరు పట్టే గుడారం: బరువొక్కటే చూసి కొనొద్దు

మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళ, వేరుశనగ కాయ ఊరే వేళ చేనుకు కావలి తప్పదు. అడవి పందుల మంద ఒక్క రాత్రి దిగితే చాలు, మూడు నెలల కష్టం మట్టిపాలవుతుంది. ఎకరం, రెండెకరాలున్న రైతు జీతగాణ్ణి పెట్టలేడు. తానే వెళ్లి పడుకోవాలి. తోడుగా కొడుకో, పక్క చేని రైతో వస్తారు. మంచె ఉన్నవాళ్ల సంగతి వేరు. లేనివాళ్లు గట్టుమీద ఒక పట్టా పరిచి, ఇంకోటి కప్పుకుని తెల్లవారుస్తున్నారు.

కొండలెక్కేవాళ్లు వీపున మోసుకెళ్లే తేలికపాటి గుడారాలు ఇప్పుడు పట్టణాల్లోని దుకాణాల్లోనూ, ఫోనులో ఆర్డరు ఇచ్చినా దొరుకుతున్నాయి. కావలికి ఇవి బాగానే పనికొస్తాయి. అయితే ఏది పడితే అది కొంటే డబ్బు దండగ. కొనేముందు చూసుకోవాల్సిన సంగతులు ఇవి.

అన్నిటికన్నా ముందు అడుగు గుడ్డ

కావలి రైతుకు వానకన్నా పెద్ద ముప్పు కట్లపాము. ఇది రాత్రిపూట తిరుగుతుంది. నేలమీద పడుకున్నవాళ్ల పక్కలోకి చేరుతుంది. నిద్రలో కాటు వేసినా పెద్దగా నొప్పి ఉండదు, గాటు సరిగా కనబడదు. అందుకే చాలామంది చీమో పురుగో కుట్టిందనుకుని మళ్లీ పడుకుంటారు.

కాబట్టి గుడారానికి అడుగు గుడ్డ గోడలతో కలిపి కుట్టి ఉండాలి. ఆ అడుగు నాలుగు వైపులా జానెడు ఎత్తుకు తొట్టిలాగా పైకి లేచి ఉంటే వాన నీరూ లోపలికి రాదు. వాకిలికి దోమతెర, దానికి నేలదాకా మూసుకునే జిప్పు ఉండాలి. అడుగు లేకుండా పైకప్పు మాత్రమే ఉన్న గుడారం ఎంత తేలికైనా, ఎంత చవకైనా మనకు వద్దు. జిప్పును దుకాణంలోనే పదిసార్లు లాగి చూడండి. గుడ్డను కరిచే జిప్పు నెల తిరక్కుండానే పాడవుతుంది. జిప్పు పడని గుడారం తలుపు లేని ఇల్లే.

‘ఇద్దరికి’ అని రాసి ఉంటే సరిపోదు

సంచిమీద ఇద్దరికని రాసి ఉన్నా, లోపలి కొలత సాధారణంగా 210 సెం.మీ. పొడవు, 130 నుంచి 140 సెం.మీ. వెడల్పు ఉంటుంది. అంటే మనిషికి రెండడుగుల పైచిలుకు. ఇద్దరు ఒత్తుకుని పడుకోవాలి. టార్చి, నీళ్ల సీసా, చెప్పులు కూడా లోపలే ఉండాలి కదా. మీలో ఎవరైనా భారీ మనిషైతే ముగ్గురు పట్టేది తీసుకోవడం మేలు. వీలైతే గుడారం వేయించి, ఇద్దరూ లోపల పడుకుని చూశాకే డబ్బు ఇవ్వండి.

బరువు ఎంత ఉండాలి?

గుడారాన్ని చేలోనే వదిలేస్తే ఎండకు గుడ్డ చివుకుతుంది, దొంగల భయమూ ఉంటుంది. రోజూ పొద్దున్నే ఇంటికి తెచ్చుకోవాలి. బరువు లెక్క అందుకే. చదరపు మీటరుకు 200 గ్రాములు తూగే 12x15 అడుగుల పట్టా సుమారు 3.3 కిలోలు ఉంటుంది. రెండున్నర నుంచి మూడు కిలోల గుడారం దానికన్నా తేలికే. సైకిలు క్యారియర్ మీద సులభంగా పోతుంది. కిలోన్నర లోపు తూగేవి ఉన్నాయి గానీ వాటి ధర బాగా ఎక్కువ, గుడ్డ పలచన. రోజుల తరబడి నడిచేవాళ్లకు ఆ తేడా కావాలి. ఊరి నుంచి చేనుదాకా మోసే మనకు అక్కర్లేదు.

వాన ఆగుతుందా?

పైగుడ్డ, లోపలి గది విడివిడిగా ఉన్న రెండు పొరల గుడారమే తీసుకోండి. ఒకే పొర అయితే ఇద్దరి ఊపిరి ఆవిరి గుడ్డకు పట్టి తెల్లారేసరికి చుక్కలుగా పడుతుంది. అది చూసి గుడారం కారుతోందనుకుంటారు. లోపలి గది గోడల్లో చాలా భాగం దోమతెరగా ఉంటే గాలి ఆడుతుంది. వాన లేని రోజు పైగుడ్డ తీసేసి పడుకోవచ్చు.

సంచిమీద 1500, 2000, 3000 మి.మీ. అని అంకెలుంటాయి. గుడ్డ ఎంత ఎత్తు నీటి ఒత్తిడిని తట్టుకుంటుందో ఇవి చెబుతాయి. పైగుడ్డకు 2000, మన బరువు పడే అడుగుకు 3000 ఉంటే మంచిది. కుట్ల వెంట లోపలివైపు పట్టీ అతికించి ఉండాలి. లేకపోతే నీరు అక్కడినుంచే దిగుతుంది. కొన్న రోజే ఇంటి ముందు వేసి, పైనుంచి నాలుగు బిందెల నీళ్లు పోసి చూడండి. తేడా ఉంటే గడువులోపే తిప్పి పంపొచ్చు.

కడ్డీలు, మేకులు

రెండు కడ్డీలు అడ్డంగా కలిసి తనంతట తానే నిలబడే రకం మనకు అనువు. గాజుపీచు కడ్డీలు చవక, కానీ నిలువునా చీలుతుంటాయి. అల్యూమినియంవి తేలిక, మన్నిక. గుడారంతో వచ్చే సన్న మేకులు గులకరాళ్ల ఎర్రనేలలో వంగిపోతాయి, తడిసిన రేగడిలో ఊడిపోతాయి. ఎర్రనేలకు లావు ఇనుప మేకులు చేయించుకోండి. రేగడికి మూరెడు వెదురు గూటాలు చాలు. నిలబడింది కదా అని తాళ్లు కట్టకుండా వదలొద్దు, ఈదురుగాలికి లేచిపోతుంది.

గుడారం ఆపలేనివి

పిడుగును గుడారం ఆపదు. ఉరుము వినబడగానే పక్కా ఇంట్లోకి వెళ్లిపోండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా చేనుకు రావొద్దు. ఒంటరి చెట్టు కింద గుడారం వేయొద్దు. వాగు పక్కన, పుట్టల దగ్గర, గడ్డివాముల దగ్గర, పందులు నడిచే దారిలో కూడా వద్దు. ఏనుగులు తిరిగే చిత్తూరు, పార్వతీపురం మన్యం జిల్లాల పల్లెల్లో రాత్రి చేలో పడుకోవడమే మానాలి. పంట పోతే మళ్లీ వేసుకోవచ్చు.

గుడారం లోపల పొయ్యి, దోమల బత్తి వెలిగించొద్దు. గుడ్డ ఇట్టే అంటుకుంటుంది. మూసిన గుడారంలో పొగ ప్రాణం తీస్తుంది. తిండి గింజలు లోపల ఉంచితే ఎలుకలు వస్తాయి, వాటి వెనకే పాములు వస్తాయి. లోపలికి వెళ్లగానే టార్చితో మూలలన్నీ చూసి జిప్పు వేసుకోండి.

రాత్రి నేలమీద పడుకున్న మనిషికి పొద్దున కడుపునొప్పి, వాంతులు వచ్చినా, కనురెప్పలు వాలిపోతున్నా, మింగుడు పడకపోయినా కట్లపాము కాటుగా అనుమానించాలి. గాటు కోసం వెతుకుతూ కూర్చోవద్దు. కట్లు బిగించడం, కోయడం, మంత్రం వేయించడం వద్దు. నడిపించకుండా వెంటనే 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు ఇంజక్షను ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.

నాలుగేళ్లు మన్నాలంటే

తడి గుడారాన్ని చుట్టి పెడితే లోపలి పూత జిగురై ఊడిపోతుంది. నీడలో ఆరబెట్టి మడవండి. సబ్బుపొడి వాడొద్దు, ఉత్త నీళ్లతో తుడిస్తే చాలు. పురుగుమందు డబ్బాల పక్కన దాచొద్దు.

ఖర్చు భారమనుకుంటే పక్క పక్క చేల రైతులు ఇద్దరు కలిసి ఒకటి కొని కలిసి కావలి కాయొచ్చు. అదీ కుదరకపోతే మంచం వేసుకుని, దోమతెర అంచులు పరుపు కిందికి బాగా దోపి, పైన పట్టా కట్టుకోండి. పాము భయం చాలావరకు తీరుతుంది. ఏది చేసినా ఉత్త నేలమీద మాత్రం పడుకోవద్దు. గుడారం కొనేటప్పుడు ముందు అడుగు, తర్వాత జిప్పు, ఆ తర్వాతే బరువు, ధర చూడండి.