పాత ఇంటి విస్తరణ (కృష్ణా పశ్చిమ డెల్టా)

పాత ఇంటి విస్తరణ అనగా నివాసమున్న ఇంటికి గదులు కలపడం, గోడలు తొలగించడం, పైకప్పు మార్చడం, పై అంతస్తు వేయడం వంటి పెద్ద మార్పులు చేయడం. కృష్ణా పశ్చిమ డెల్టాలోని తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాలలోను, చుట్టుప్రక్కల గ్రామాలలోను ఈ పనిని మొత్తంగా గుత్తేదారుకు అప్పగించక, ఇంటి యజమానే దగ్గరుండి చేయించుకొనడం, కొంత పనిని స్వయంగా చేసుకొనడం వాడుకలో ఉన్నది. తెనాలి గుంటూరు జిల్లాలోను, బాపట్ల, రేపల్లె పట్టణాలు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలోను ఉన్నాయి. ఈ పద్ధతి వలన ఖర్చు తగ్గుతుంది. అయితే ఇంటి బరువును మోసే భాగాలలో పొరపాటు జరిగితే ప్రాణాపాయం కలుగుతుంది కనుక, ఏ పని యజమాని చేయదగినది, ఏది ఇంజనీరు సలహా లేకుండా తాకరానిది అన్న విచక్షణ ఇందులో ముఖ్యమైనది.

నేపథ్యం

ఈ ప్రాంతపు పాత ఇళ్ళలో పూరిళ్ళు, బంగాళా పెంకుల ఇళ్ళు, మండువా లోగిళ్ళు, డాబాలు ముఖ్యమైనవి. పెంకుటిళ్ళలో ఇటుక గోడలను మట్టితో గాని గానుగ సున్నంతో గాని కట్టి, వాటిపై దూలాలు, వాసాలు నిలిపేవారు. ఇటువంటి ఇళ్ళలో పిల్లర్లు ఉండవు. కప్పు బరువంతా గోడల మీదుగా పునాదికి చేరుతుంది. తరువాతి కాలంలో వచ్చిన స్లాబు ఇళ్ళలో కూడా పిల్లర్లు లేకుండా గోడలపైనే స్లాబు వేసినవి అనేకం ఉన్నాయి.

కుటుంబం పెరగడం, అన్నదమ్ములు వాటాలు పంచుకొనడం, అద్దెకు ఒక వాటా కావలసిరావడం విస్తరణకు సాధారణ కారణాలు. వీధి రోడ్డును మరల మరల ఎత్తు చేయడం వలన ఇంటి మట్టం రోడ్డుకంటె దిగువకు చేరి, వానకాలంలో నీరు లోపలికి రావడం మరొక కారణం. వాస్తు విశ్వాసం వలన ద్వారాలు, మెట్లు, గోడలు మార్చేవారు కూడా ఉన్నారు. కారణమేదైనా గోడ మోసే బరువు మారదు.

పని జరిపించే పద్ధతులు

* రోజుకూలి: తాపీ మేస్త్రీకి, కూలీలకు రోజు లెక్కన చెల్లిస్తారు. సామాను యజమాని కొంటాడు. నాణ్యత యజమాని చేతిలో ఉంటుంది గాని పని సాగే అవకాశం ఉన్నది.
* కూలి గుత్త: సామాను యజమానిది, పనికి చదరపు అడుగు లెక్కన కూలి మాట్లాడుకుంటారు.
* సామానుతో సహా గుత్త: అంతా గుత్తేదారుదే. సిమెంటు, ఇనుము తగ్గకుండా యజమాని గమనించవలసి ఉంటుంది.

మొదటి రెండు పద్ధతులలో నిజానికి యజమానే గుత్తేదారు. తాపీ మేస్త్రీ, కడ్డీలు కట్టేవారు, సెంట్రింగువారు వేరువేరుగా వచ్చిపోతారు. ఒకరి పనికి మరొకరు బాధ్యత వహించరు కనుక, మొత్తం పనికి ఒక నక్షా, దానిని లెక్కగట్టిన ఇంజనీరు అవసరం.

నేలలు, పునాదులు

తెనాలి పరిసరాలలో బంకమట్టి, నల్లరేగడి నేలలు ఎక్కువ. ఇవి వానలకు ఉబ్బి, వేసవిలో కుంచించుకొని బీటలు వారుతాయి. లోతు తక్కువైన పునాది ఏటా లేస్తూ దిగుతూ ఉండడం వలన గోడలపై ఏటవాలు పగుళ్ళు వస్తాయి. ఇట్టి నేలలలో, తేమ మార్పు తగ్గే లోతు వరకు వెళ్ళి, అడుగున గుబ్బవలె వెడల్పు చేసిన పైళ్ళు వేయడం ఒక పరిష్కారం. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఈ పద్ధతిని అభివృద్ధి పరచింది.

బాపట్ల వద్ద, సముద్రం వైపున, ఇసుక నేలలు ఉన్నాయి. ఇసుక ఉబ్బదు గాని, గోతి తీసేటప్పుడు ప్రక్కలు జారుతాయి. పాత గోడ ప్రక్కనే గోయి తీస్తే ఆ గోడ క్రింది ఇసుక కూడా జారిపోగలదు. కృష్ణా ముఖద్వారానికి దగ్గరలో ఉన్న రేపల్లె ప్రాంతంలో ఒండ్రు నేలలతోపాటు తీరం వైపున ఉప్పు నేలలు ఉన్నాయి.

పాత గోడ ప్రక్కన క్రొత్త పునాది తీయునపుడు పాత పునాది అడుగు మట్టం కంటె లోతుకు ఒకేసారి పోరాదు. తప్పనిసరి అయినచో సుమారు ఒక మీటరు పొడవున విడి విడి ముక్కలుగా తవ్వి, ఒక ముక్క పూడ్చి గట్టిపడిన తరువాతనే ప్రక్క ముక్క తవ్వాలి.

గోడలు తొలగించడం

రెండు గదులను కలిపి హాలు చేయడం ఎక్కువమంది కోరే మార్పు. 9 అంగుళాల ఇటుక గోడ 3 మీటర్ల ఎత్తు ఉంటే, ప్రతి మీటరు పొడవుకు దాని సొంత బరువే సుమారు 1.3 టన్నులు. దానిపై స్లాబు బరువు అదనం. అట్టి గోడను ఊతం లేకుండా తీస్తే కప్పు కూలుతుంది. వెంటనే కూలకున్నను కొన్ని రోజులకు వంగి పగలవచ్చును.

గోడ బరువు మోస్తున్నదని తెలిపే గుర్తులు:
* దూలాల, వాసాల కొనలు దానిపై ఆనడం.
* పై అంతస్తులో సరిగ్గా దాని మీదనే మరొక గోడ ఉండడం.
* మందం 9 అంగుళాలు గాని అంతకు మించి గాని ఉండడం.
* దాని క్రింద పునాది ఉండడం.

నాలుగున్నర అంగుళాల గోడలన్నీ అడ్డుగోడలే అనుకొనడం సరికాదు. పాత ఇళ్ళలో వంగిన దూలానికి తరువాత ఆసరాగా కట్టిన సన్నని గోడలు ఉంటాయి.

బరువు మోసే గోడలో ద్వారం తీయవలసినపుడు మొదట కప్పుకు రెండు వైపులా ఇనుప జాకీలతో ఊతం ఇస్తారు. ఆ జాకీల అడుగున బరువును పంచడానికి మందమైన చెక్కలు వేస్తారు. తరువాత గోడను కొద్ది కొద్దిగా తీసి, లెక్కగట్టిన దూలాన్ని అమర్చి, దాని కొనలు ఇరువైపులా గోడపై చాలినంతగా ఆనేటట్లు చేస్తారు. దూలం గట్టిపడిన తరువాతనే ఊతం తీస్తారు. ఈ పనిని యజమాని సొంతంగా చేయరాదు.

పెంకులు తీసి స్లాబు వేయడం

బంగాళా పెంకుల కప్పు, దాని కర్రతో కలిపి, చదరపు మీటరుకు సుమారు 60 నుండి 80 కిలోల బరువు ఉంటుంది. 5 అంగుళాల కాంక్రీటు స్లాబు చదరపు మీటరుకు 300 కిలోలకు పైగా తూగుతుంది. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గదిపై స్లాబు వేస్తే గోడలపై పడే బరువు సుమారు మూడున్నర టన్నులు. మట్టితో కట్టిన గోడలు, వాటి పునాదులు పెంకుల బరువుకు అలవాటుపడినవి. అందువలన ఆ గోడలపై నేరుగా స్లాబు వేయక, క్రొత్తగా పునాదులు, పిల్లర్లు, దూలాలు వేసి స్లాబును వాటిపై నిలపడం సురక్షితం. అపుడు పాత గోడ అడ్డుగోడగా మిగులుతుంది.

పై అంతస్తు

పై అంతస్తు కొరకు పిల్లర్ల కడ్డీలను డాబాపై వదలడం ఈ ప్రాంతంలో సర్వసాధారణం. ఏళ్ళ తరబడి ఎండకు వానకు ఉన్న కడ్డీలు త్రుప్పుపట్టి సన్నబడతాయి. వాటికి పలుచని కాంక్రీటు కప్పు వేసి ఉంచాలి. పని మొదలుపెట్టే ముందు త్రుప్పు గీకి, మిగిలిన మందాన్ని ఇంజనీరుచేత పరీక్షింపజేయాలి. క్రొత్త కడ్డీని పాత కడ్డీకి సాధారణంగా కడ్డీ మందానికి సుమారు 50 రెట్ల పొడవున జోడిస్తారు. కడ్డీలు పైకి కనిపించినంత మాత్రాన పునాది రెండవ అంతస్తుకు సరిపోతుందని చెప్పలేము. పాత నక్షా లేకపోతే ఒకటి రెండు చోట్ల పునాది వద్ద తవ్వి చూడడమే దారి.

పాత, క్రొత్త కట్టడాల కలయిక

పాత ఇల్లు ఏనాడో నేలలో కుదురుకొని ఉంటుంది. ప్రక్కన కలిపిన గది ఇక కుదురుకోవలసి ఉంటుంది. రెండు గోడలను గట్టిగా కలిపి కడితే కలిసినచోట పగులు వస్తుంది. నల్లరేగడిలో ఇది మరింత ఎక్కువ. అందువలన రెంటి మధ్య సన్నని సందు వదలి, వాన నీరు దిగకుండా పైన రేకుతో గాని, సాగే పూతతో గాని మూయడం మంచి పద్ధతి.

కాంక్రీటు, ఉప్పునీరు

భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 (2000) ప్రకారం కడ్డీలున్న కాంక్రీటుకు వాడే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు ఉండరాదు. తీర గ్రామాలలోని బావినీరు, బోరునీరు ఈ పరిమితిని దాటవచ్చును కనుక పరీక్షింపజేయాలి. సముద్రపు ఇసుకను వాడరాదు. ఉప్పు వలన కడ్డీ త్రుప్పుపట్టి ఉబ్బి, కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. ఉప్పుగాలి తగిలే చోట్ల కడ్డీలపై కాంక్రీటు కప్పు ఎక్కువ ఉండాలి. అదే ప్రమాణం తీవ్ర పరిస్థితులకు 45 మిల్లీమీటర్లు నిర్దేశించింది.

పని సులువు కొరకు కాంక్రీటులో నీరు ఎక్కువ పోయడం సాధారణంగా జరిగే తప్పు. 1:1.5:3 పాళ్ళ కాంక్రీటుకు 50 కిలోల సిమెంటు బస్తాకు, తడి ఇసుకలో ఉన్నదానితో కలిపి, 30 లీటర్ల నీరు పరిమితి. స్లాబుపై మడులు కట్టి నీరు నిలపడం ఈ ప్రాంతపు వాడుక. బూడిద కలిసిన సిమెంటుకు కనీసం 10 రోజులు, వీలైతే 14 రోజులు తడపాలి. నాలుగున్నర మీటర్ల వరకు వెడల్పు గల స్లాబుకు ఊతకర్రలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. బూడిద కలిసిన సిమెంటు నెమ్మదిగా గట్టిపడుతుంది కనుక ఇంకొన్ని రోజులు ఆగడం మంచిది.

తుఫానులు

1977 నవంబరు 19న దివిసీమను తాకిన తుఫాను, ఉప్పెన రేపల్లె, బాపట్ల తీర గ్రామాలను కూడా దెబ్బతీశాయి. 1990 మే 9న మరొక తీవ్ర తుఫాను కృష్ణా ముఖద్వారం సమీపాన తీరం దాటింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపాన తీరం దాటింది. ఈ తీరంలో కట్టడాలను సెకనుకు 50 మీటర్ల, అనగా గంటకు 180 కిలోమీటర్ల, గాలివేగానికి లెక్కగట్టాలి.

గాలి కప్పును క్రిందికి నొక్కడమే కాక పైకి లాగుతుంది. కనుక వరండాకు, మేడపైన గదికి వేసే రేకుల కప్పు గోడపై ఆనితే చాలదు. బోల్టులతో దూలానికి, దూలం నుండి గోడలోని కాంక్రీటు పట్టీకి బిగించాలి. మే నెలలోను, అక్టోబరు నుండి డిసెంబరు వరకును తుఫానుల భయం ఎక్కువ. కప్పు తీసి ఉంచవలసిన పనులను జనవరి, ఏప్రిల్ నెలల మధ్య ముగించుకొనడం అనుకూలం.

యజమాని చేయదగిన పనులు

కొలతలు తీయడం, సామాను కొనడం, లెక్కలు వ్రాయడం, పెంకులు దించి పేర్చడం, సున్నం, రంగులు వేయడం, కాంక్రీటును తడపడం, పని ప్రతి దశను ఛాయాచిత్రాలు తీసి ఉంచడం యజమాని చేయదగినవి. కాంక్రీటు పోయకముందు కట్టిన కడ్డీలను తీసిన ఛాయాచిత్రం తరువాతి విస్తరణకు విలువైన ఆధారం. గోడలు తీయడం, పునాదులు, దూలాలు, విద్యుత్తు పనులు అనుభవజ్ఞులకే వదలాలి. పాత సిమెంటు రేకులలో రాతినార ఉంటుంది. వాటిని పొడిగా కోసినా, పగులగొట్టినా వచ్చే ధూళి ఊపిరితిత్తులకు హానికరం. వాటిని తడిపి, విరగకుండా దించాలి.

అనుమతులు

తెనాలి, బాపట్ల, రేపల్లె మూడును పురపాలక సంఘాలు. గదులు కలపడానికి, అంతస్తు వేయడానికి పురపాలక అనుమతి అవసరం. నక్షాను లైసెన్సు గల సాంకేతిక నిపుణుడు తయారుచేయాలి. ఇంటి చుట్టూ వదలవలసిన స్థలం, ఎత్తు వంటి విషయాలను 2017లో వచ్చిన ఆంధ్ర ప్రదేశ్ భవన నిర్మాణ నియమావళి నిర్దేశించింది. ఉమ్మడి గోడ ఉన్నచోట ప్రక్క ఇంటివారితో ముందుగా వ్రాతపూర్వకమైన ఒప్పందం చేసుకొనడం మేలు.

ఇవి కూడా చూడండి

* తెనాలి
* బాపట్ల
* రేపల్లె
* మండువా లోగిలి
* 1977 దివిసీమ ఉప్పెన
* నల్లరేగడి నేల