జనగామ నుంచి కాక్‌పిట్ దాకా: 200 గంటలకు ఏళ్లు ఎందుకు పడతయ్?

జనగామ, మానుకోట, భూపాలపల్లి నుంచి మన తమ్ముళ్లు, చెల్లెళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, మన దగ్గర పైలట్ ట్రైనింగ్ ఉందా?"

సూటిగా చెప్తా, ఈ మూడు జిల్లాల్లో లేదు. వరంగల్ మామునూరులో నిజాం కాలం నాటి ఎయిర్‌పోర్టును మళ్లీ తెరవడానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఓకే చెప్పింది గానీ, అది ప్యాసింజర్ విమానాల ముచ్చట. మనకు దగ్గరంటే హైదరాబాద్‌లో, బేగంపేట పాత ఎయిర్‌పోర్టులో ఉన్న తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీయే. జనగామ, మానుకోట వాళ్లకు సికింద్రాబాద్ రైలుంది. భూపాలపల్లికి రైలే లేదు కదా, పరకాల, హన్మకొండ మీదుగా బస్సే దిక్కు.

ఇప్పుడు అసలు విషయం. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు డీజీసీఏ అడిగేది 200 గంటల ఫ్లయింగ్. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత మొత్తం నీదే. 300 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 555 కిలోమీటర్ల క్రాస్ కంట్రీ ఒకటి చేయాలి. రాత్రి ఫ్లయింగ్ కూడా ఉంటది. ఇవి కాక నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్ లాంటి పేపర్లు. పాస్ మార్కు 70 శాతం, మన ఇంటర్ లెక్క 35 కాదు.

మొదట్లో ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చొని సర్క్యూట్లు కొట్టిస్తడు. టేకాఫ్, ఒక చుట్టు, ల్యాండింగ్, మళ్లీ అదే. ఆ తర్వాత ఒక రోజు ఆయన దిగిపోయి "నువ్వే పో" అంటడు. అదే ఫస్ట్ సోలో. దిగినంక బకెట్లతో నీళ్లు పోసి తడుపుతరు, అదొక ఆనవాయితీ. తెలుగు మీడియం వాళ్లకు ఎక్కువ భయం పెట్టేది రేడియోలో ఇంగ్లిష్. నిజానికి అది ఫిక్స్‌డ్ మాటల భాష. కంట్రోలర్ చెప్పింది తిరిగి అప్పజెప్పాలి, అంతే. ప్రాక్టీస్‌తో వస్తది.

రానిది ఏందంటే, విమానం. లెక్క చూడండి. 40 మంది స్టూడెంట్లు, ఒక్కొక్కరికి 200 గంటలంటే 8,000 గంటలు. నాలుగు విమానాలు రోజుకు నాలుగేసి గంటలు ఎగిరితే రోజుకు 16 గంటలు. అంటే 500 ఎగిరే రోజులు. రెండు విమానాలు రిపేర్‌కు పోయినయ్ అనుకోండి, 1,000 రోజులు! వానాకాలం మబ్బులు, పొద్దున పొగమంచు ఇంకా కలపనే లేదు. మరోపక్క లోన్ మీటర్ తిరుగుతనే ఉంటది. 50 లక్షలకు 11 శాతం వడ్డీ అంటే నెలకు దాదాపు 46 వేలు. నాన్న పొలం కుదువపెట్టి తెచ్చిన పైసలైతే, హాస్టల్‌లో ఖాళీగా కూర్చున్న ప్రతి నెలా గుండెల మీద బరువే.

ఇది ఒక్క స్కూల్ సమస్య కాదు. 2025 అక్టోబరులో డీజీసీఏ మొదటిసారి ఫ్లయింగ్ స్కూళ్లకు ర్యాంకులిస్తే, దేశం మొత్తంలో ఏ ప్లస్ గానీ, ఏ గానీ ఒక్కదానికీ రాలే. అందుకే బ్రోచర్ చూసి మోసపోవద్దు. క్యాంపస్‌కు పోయి, అక్కడ చదువుతున్నోళ్లనే పక్కకు పిలిచి అడగండి: పోయిన నెల ఎన్ని గంటలు ఎగిరినవ్? ఎన్ని విమానాలు ఇవాళ ఎగిరే కండిషన్‌లో ఉన్నయ్? ఫీజు ఒకేసారి కట్టమంటే మాత్రం నేనైతే లేచి వచ్చేస్త.

లైసెన్సు వచ్చినా ఆట అయిపోదు. ఎయిర్‌బస్ లాంటి పెద్ద విమానానికి టైప్ రేటింగ్ వేరే, దాని ఖర్చూ వేరే. హైదరాబాద్ పాతబస్తీ సయ్యదా సల్వా ఫాతిమా సంగతి చూడండి. నాన్న బేకరీలో పనిచేసేవారు. 2007లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీలో చేరింది. లైసెన్సు వచ్చాక కూడా డబ్బుల దగ్గర ఆగిపోతే, తెలంగాణ ప్రభుత్వం సాయం చేసింది. చివరికి ఎయిర్‌లైన్ కాక్‌పిట్‌లో కూర్చుంది, కానీ ఎన్నేళ్లకు!

ఇంకోటి, ఒక్క రూపాయి కట్టకముందే మెడికల్ చేయించుకోండి. ముందు క్లాస్ 2, తర్వాత క్లాస్ 1. డీజీసీఏ గుర్తించిన డాక్టర్ల దగ్గరే చెల్లుతది. రంగులు గుర్తుపట్టడంలో తేడా ఉన్నట్టు చాలామందికి అక్కడే మొదటిసారి తెలుస్తది. అడ్మిషన్ ఫీజు కట్టినంక తెలిస్తే, ఆ పైసలు వెనక్కి రాబట్టుడు ఇంకో యుద్ధం.