ఆటిజాన్ని ఏ పరీక్షతో గుర్తిస్తారు?

అన్నం ముద్ద నోట్లో పెడుతూ "అదిగో చందమామ" అని అమ్మ వేలు చూపిస్తుంది. ఏడాదిన్నర వయసుకి చాలామంది పిల్లలు ఆ వేలును వదిలేసి ఆకాశంకేసి చూస్తారు. తర్వాత అమ్మ కూడా చూస్తోందా అని ఆమె ముఖంలోకి చూస్తారు. ఇలా ఒకే వస్తువు మీద ఇద్దరి దృష్టీ కలవడాన్ని ఉమ్మడి ధ్యాస అంటారు. ఆటిజం ఉన్న పిల్లల్లో తొలి తేడాలు తరచుగా ఇక్కడే కనిపిస్తాయి. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం అనేక దేశాల్లో వాడే ఎం-చాట్ ప్రశ్నావళిలో 20 ప్రశ్నలున్నాయి. వాటిలో మొదటిది దీని గురించే: గదిలో అవతలి వైపున్న వస్తువును మీరు చూపిస్తే బిడ్డ అటు చూస్తాడా?

మన ఇళ్లల్లో మాత్రం మాటలు రాకపోతేనే అనుమానం మొదలవుతుంది. అదీ వెంటనే కాదు. "వాళ్ల నాన్నకీ మూడేళ్లకే మాటలొచ్చాయి" అంటుంది నాయనమ్మ. ఒక్కోసారి ఆమె మాటే నిజమవుతుంది కూడా. అందుకే ఆ భరోసాను నమ్మి కుటుంబాలు నెలల తరబడి ఆగిపోతాయి. చివరికి డాక్టరు దగ్గరికి వెళ్లాక అమ్మ అడిగేది ఒకటే: ఏ టెస్టు చేస్తే తెలుస్తుంది?

అలాంటి టెస్టు లేదు. రక్తపరీక్ష గానీ, ఎంఆర్ఐ గానీ ఆటిజాన్ని తేల్చలేవు. పిలిస్తే పలకకపోవడానికి వినికిడి లోపం కూడా కారణం కావచ్చు కాబట్టి ముందు ఆ పరీక్ష చేయిస్తారు. మిగతాదంతా బిడ్డను గమనించి, తల్లిదండ్రులను అడిగి తెలుసుకోవలసిందే. ఫిజిక్స్ చదివిన నాకు ఇది మొదట మింగుడుపడలేదు. దీనికి జవాబు కారణాల పరిశోధనలో దొరుకుతుంది.

లియో కానర్ 1943లో 11 మంది పిల్లల గురించి రాసి ఆటిజాన్ని వైద్యలోకం దృష్టికి తెచ్చాడు. ఆ తర్వాత చాలాకాలం తల్లి ప్రేమ చూపకపోవడమే కారణమని నిందించారు. 1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ బ్రిటన్‌లో 21 కవల జంటలను పరిశీలించారు. ప్రతి జంటలోనూ కనీసం ఒకరికి ఆటిజం ఉంది. ఒకే పోలికతో పుట్టే సమరూప కవలల 11 జంటల్లో నాలుగింట ఇద్దరికీ ఉంది. మామూలు కవలల 10 జంటల్లో ఒక్కదానిలోనూ ఇద్దరికీ లేదు. కవలలిద్దరికీ తల్లి ఒక్కతే కదా! పెంపకమే కారణమైతే రెండు రకాల కవలల మధ్య ఇంత తేడా ఎందుకుంటుంది? చిన్న అధ్యయనమే అయినా చూపు జన్యువుల వైపు మళ్లింది. 2019లో ఐదు దేశాల్లో 20 లక్షల మందికి పైగా పిల్లల వివరాలతో చేసిన అధ్యయనం, ఆటిజం వచ్చే అవకాశాల్లోని తేడాల్లో సుమారు 80 శాతానికి వంశపారంపర్య జన్యుభేదాలే కారణమని అంచనా వేసింది.

అయితే ఆ జన్యువు ఒకటి కాదు. వందల జన్యువులకు ఆటిజంతో సంబంధం కనిపించింది. నెలలు నిండకుండా పుట్టడం వంటివి కూడా ముప్పును పెంచుతాయి. ఇన్ని దారుల్లో వచ్చేదాన్ని ఒక్క రక్తపు చుక్కలో పట్టుకోవడం కష్టం. టీకాలు కారణమన్న 1998 నాటి వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో ఉపసంహరించుకుంది. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లలను గమనించిన 2019 అధ్యయనంలోనూ ఎంఎంఆర్ టీకాకు, ఆటిజానికి సంబంధం కనిపించలేదు. తల్లిని తప్పుపట్టే అలవాటు మాత్రం పోలేదు. ఇప్పుడు ఫోను ఇచ్చావనో, ఉద్యోగానికి వెళ్లావనో అంటారు.

గమనించడమే పరీక్ష అయినప్పుడు ఆ గమనింపుకి ఒక కొలబద్ద కావాలి. మన దేశంలో ఆటిజం ధ్రువపత్రానికి వాడే ఐసా స్కేలు సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థలో తయారైంది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70 లోపు ఉంటే ఆటిజం లేనట్టు లెక్క. 153 దాటితే తీవ్రం. కానీ ఈ మార్కులు వేయడానికి శిక్షణ పొందినవారు కావాలి. పల్లెల్లో వాళ్లెక్కడ?

ఈ లోటు తీర్చే ప్రయత్నాల్లో స్టార్ట్ ఒకటి. టాబ్లెట్‌లో పనిచేసే ఈ యాప్‌లో పిల్లలు బుడగలు పగలగొడతారు, బొమ్మలకు రంగులేస్తారు, వీడియోలు చూస్తారు. వేలి కదలికలను, చూపు ఎటు నిలుస్తోందన్నదాన్ని యాప్ నమోదు చేస్తుంది. ఢిల్లీ ప్రాంతంలో 2 నుంచి 7 ఏళ్ల వయసున్న 131 మంది పిల్లల ఇళ్లకు నిపుణులు కాని కార్యకర్తలే వెళ్లి దీన్ని వాడారు. వికాస లోపాలున్న పిల్లలను వేరుచేయడంలో 86 శాతం, ఆటిజాన్నే విడిగా గుర్తించడంలో 78 శాతం కచ్చితత్వం వచ్చిందని 2023లో ప్రకటించారు. ఇది వడపోత మాత్రమే, నిర్ధారణ కాదు. పైగా 131 చిన్న సంఖ్య.

అంతవరకూ ఆగాల్సిన పని లేదు. జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలు ఏర్పాటయ్యాయి. అంగన్‌వాడీలో అడిగితే దారి చూపిస్తారు. ఆటిజాన్ని మాయం చేస్తామంటూ మూలకణాల చికిత్స అమ్మేవాళ్లు ఎదురైతే, 2022లోనే జాతీయ వైద్య కమిషన్ దాన్ని సిఫారసు చేయబోమని చెప్పిన సంగతి గుర్తుంచుకోండి. బిడ్డకు ఏడాదిన్నర దాటినా చూపించిన వైపు చూడకపోతే, పేరు పెట్టి పిలిచినా తిరగకపోతే, మాటల కోసం ఎదురుచూడకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. నిర్ధారణ పూర్తయ్యేలోపే మాటలకు, ఆటలకు సంబంధించిన శిక్షణ మొదలుపెట్టవచ్చు.