మీకు తెలుసా? రెండో స్పూల్ కొంటే రెండో బ్రేకు కొన్నట్టే

కిలో ఎర్ర సముద్రపు నీటిలో దాదాపు 40 గ్రాముల ఉప్పు ఉంటుంది. మహాసముద్రాల సగటు 35. గోదావరి, కృష్ణ, గంగ వచ్చి కలిసే మన బంగాళాఖాతంలో పైనీళ్లలో అంతకన్నా తక్కువే. ఎర్ర సముద్రంలోకి చెప్పుకోదగ్గ నది ఒక్కటీ రాదు, వాన అంతంత మాత్రం, ఎండకు ఆవిరయ్యేది మాత్రం ఏటా సుమారు రెండు మీటర్ల మేర. సౌదీ, ఖతర్‌ల నడుమ ఉన్న సల్వా అఖాతంలోనైతే ఉప్పు 50 గ్రాములు దాటుతుంది. జెద్దాలోనో జుబైల్‌లోనో కొలువు చేస్తూ, సెలవురోజు గాలంతో ఒడ్డుకు చేరే మనవాళ్లు స్పిన్నింగ్ రీలుకు అదనపు స్పూల్ కొనేముందు ఈ ఉప్పును తలుచుకోవాలి.

స్పూల్ అంటే దారం చుట్టే చక్రం ఒక్కటే కాదు. ముందువైపు డ్రాగ్ (బ్రేకు) నాబ్ ఉండే రీళ్లలో, చేప లాగినప్పుడు దారాన్ని బిగపట్టి కొద్దికొద్దిగా వదిలే వాషర్లు ఉండేది స్పూల్ లోపలే. కొత్త స్పూల్‌తో వాషర్లు, నాబ్ వస్తాయా అని అడిగే డబ్బివ్వండి. ఉప్పునీరు చొరబడకుండా సీలు ఉన్న రీలుకు సీలు లేని స్పూల్ తగిలిస్తే, సీలుకు పెట్టిన డబ్బంతా దండగ.

ఇక అసలు సంగతి. వంజరం, గల్ఫ్ తీరంలో కనద్ అంటారు, గాలానికి పడితే మొదటి పరుగులోనే బోలెడు దారం లాక్కుపోతుంది. దారం పోయేకొద్దీ చుట్ట చిక్కిపోతుంది. చుట్ట వ్యాసం సగానికి పడిపోతే, నాబ్ ముట్టుకోకపోయినా దారం మీద బ్రేకు బలం రెట్టింపవుతుంది! నిండు చుట్ట మీద 4 కిలోలకు బిగించింది 8 కిలోలవుతుంది. దారం సత్తా అంతకు లోపైతే తెగక తప్పదు. అందుకే సన్నటి బ్రెయిడ్ (అల్లిన) దారానికి నా ఓటు లోతు తక్కువగా, వ్యాసం ఎక్కువగా ఉన్న స్పూల్‌కే. అడుగున కొన్ని చుట్లు నైలాన్ దారం వేస్తే బ్రెయిడ్ జారదు. అంచుకు రెండు మిల్లీమీటర్ల లోపు వరకే నింపండి; పొంగేలా చుడితే విసిరినప్పుడు చిక్కులు పడతాయి.

రీలు సైజు చెప్పే 4000 అన్న అంకెను నమ్మి స్పూల్ కొనకండి. ఒక కంపెనీ 4000 స్పూల్ మరో కంపెనీ రీలుకు పట్టదు. అదే కంపెనీలోనూ మోడల్ మారితే కుదరకపోవచ్చు. షిమానో కంపెనీలో సి5000 అంటే 4000 బాడీకే పెద్ద స్పూల్ తొడిగిన రీలు. మోడల్ కోడ్ సరిచూసుకోవడమే దారి.

కొత్త స్పూల్ మీద దారం ముందు అంచున పోగుపడుతుంటే కింద ఇరుసుకు సన్నటి వాషర్ ఒకటి చేర్చండి, వెనక పోగుపడితే ఒకటి తీసేయండి. ఇంటికి రాగానే డ్రాగ్ బిగించి మంచినీళ్లతో మెల్లగా కడగండి. ఆరాక మాత్రం వదులు చేసే దాచండి, బిగించి వదిలేస్తే వాషర్లు అణిగిపోతాయి.