60 ఎఫ్‌పీఎస్ మోజులో ఆగిపోతున్న బొమ్మలు

యానిమేషన్ కొత్తగా మొదలుపెట్టిన పిల్లల మధ్య ఒక మాట గట్టిగా పాతుకుపోయింది. వీడియో 4కేలో, 60 ఎఫ్‌పీఎస్‌లో (సెకనుకు 60 ఫ్రేములు) లేకపోతే యూట్యూబ్ దాన్ని ఎవరికీ చూపించదట. దీనివల్ల జరుగుతున్న నష్టం కళ్లెదుటే ఉంది. బొమ్మలన్నీ వేసుకుని, పాత్రలకు గొంతు కూడా ఇచ్చుకున్న ఇంటర్ కుర్రాడు వాటిని వీడియోగా మార్చే రెండర్ దగ్గర చతికిలబడతాడు. ల్యాప్‌టాప్ వేడెక్కి ఆగిపోతుంది. గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ కావాలని ఇంట్లో పోరు పెడతాడు. అమ్మానాన్నలు వాయిదాల మీద కొనిచ్చేసరికి కథ మీద ఉత్సాహం చల్లారిపోయి ఉంటుంది. చెప్పడానికి కథ ఉంది, గీయడానికి చెయ్యి ఉంది. ఒక్క తప్పుడు సెట్టింగ్ దగ్గర పని ఆగిపోతుంటే బాధా కలుగుతుంది, కోపమూ వస్తుంది.

లెక్క వేసి చూద్దాం. 1920×1080 ఫ్రేములో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లుంటాయి. 4కే అంటే 3840×2160, దాదాపు 83 లక్షలు. నాలుగింతలు. 24 ఫ్రేముల నుంచి 60కి వెళ్తే ఇంకో రెండున్నర రెట్లు. రెండూ కలిస్తే పని పదింతలవుతుంది. బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో 1080 ఫ్రేముకు పది సెకన్లు పడుతోందనుకోండి. మూడు నిమిషాల కథకు 24 చొప్పున 4,320 ఫ్రేములు, మొత్తం పన్నెండు గంటలు. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున టిఫిన్ వేళకు చేతికొస్తుంది. అదే కథ 4కే 60లో అయితే 10,800 ఫ్రేములు, ఫ్రేముకు సుమారు నలభై సెకన్లు, మొత్తం 120 గంటలు. అయిదు పగళ్లు, అయిదు రాత్రులు కంప్యూటర్ ఆగకుండా నడవాలి.

ఇంత చేసినా చేత్తో గీసిన పాత్ర కదలికలో ఒక్క బొమ్మ కూడా పెరగదు. చేత్తో గీసే యానిమేషన్‌లో సెకనుకు 24 ఫ్రేములున్నా, ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలపడం దశాబ్దాల నాటి పద్ధతి. స్టూడియోల్లో దీన్ని టూస్ అంటారు. అంటే సెకనుకు గీసేది 12 బొమ్మలే. 1963లో ఒసాము తెజుకా ‘ఆస్ట్రో బాయ్’ని టీవీకి తెచ్చినప్పుడు, వారం వారం ఎపిసోడ్ అందించడం కోసం బొమ్మను మూడేసి ఫ్రేములు నిలిపారు. కదలాల్సిన భాగాన్నే కదిపి మిగతాది అలాగే ఉంచారు. 2018లో వచ్చిన ‘స్పైడర్‌మ్యాన్: ఇంటు ది స్పైడర్‌వర్స్’లో అడవిలో ఊగుతూ వెళ్లే దృశ్యాన్ని మళ్లీ చూడండి. స్పైడర్‌మ్యాన్ విద్య ఇంకా పట్టుబడని కుర్రాడు మైల్స్ టూస్‌లో కదులుతాడు. పక్కనే ఆరితేరిన స్పైడర్‌మ్యాన్ పీటర్ ప్రతి ఫ్రేముకూ కదులుతాడు. ఒకే షాట్‌లో ఇద్దరికీ వేర్వేరు లెక్క పెట్టి, ఎవరికి ఎంత అనుభవముందో మాటల్లేకుండా చెప్పారు. ఆ సినిమాకు ఆస్కార్ వచ్చింది. ఫ్రేములు తక్కువుంటే పని నాసిరకమైపోతుందనే వాళ్లు ఈ ఒక్క దృశ్యం చూస్తే చాలు.

సెకనుకు 12 బొమ్మలు గీసి 60లో ఎక్స్‌పోర్ట్ చేస్తే ఒక్కో బొమ్మ అయిదేసిసార్లు కనిపిస్తుంది, అంతే. అది నచ్చక కొందరు ఇంకో పొరపాటు చేస్తున్నారు. మధ్య ఫ్రేములను కృత్రిమ మేధతో పుట్టించే సాఫ్ట్‌వేర్‌కు తమ బొమ్మలను అప్పగిస్తున్నారు. ఇది 4కే కంటే పెద్ద నష్టం. యానిమేషన్‌లో ఆగడం కూడా నటనే. పాత్ర కొట్టబోయే ముందు క్షణం బిగుసుకుని నిలబడుతుంది, తర్వాత చెయ్యి ఒక్కసారిగా దూసుకొస్తుంది. ఆ రెంటి తేడాలోనే దెబ్బకు బలం వస్తుంది. సాఫ్ట్‌వేర్ ఆ రెంటి మధ్యా బొమ్మలు నింపి అంతా ఒకే వేగంతో జారిపోయేలా చేస్తుంది. వేగం చూపడానికి ఒంటిని సాగదీసి గీసే స్మియర్ బొమ్మలైతే పూర్తిగా చెడిపోతాయి. 1942లో చక్ జోన్స్ తీసిన ‘ది డోవర్ బాయ్స్’లో అలాంటి స్మియర్‌లు కావలసినన్ని ఉన్నాయి. కంటికి తెలియకుండా మెరిసి పోవాల్సిన ఆ బొమ్మను పట్టి సాగదీసి చూపిస్తే మిగిలేది రంగుల మరక. మీరు రాత్రుళ్లు కూర్చుని కుదుర్చుకున్న టైమింగ్‌ను ఒక బటన్‌కు అప్పగించకండి.

ఈ 60 మోజు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడం కష్టం కాదు. వీడియో గేముల్లో బటన్ నొక్కగానే తెర స్పందించాలి, అక్కడ 60 సబబే. ఆ ఆటను రికార్డు చేసి పెట్టేవాళ్లూ 60లోనే పెడతారు. వాళ్ల సలహాను బొమ్మలు గీసేవాళ్లు ఎత్తుకోవడమే తప్పు. వీడియో ఏ ఫ్రేమ్ రేటులో తయారైందో అదే రేటులో అప్‌లోడ్ చేయమని యూట్యూబే చెబుతోంది.

అసలు జాగ్రత్త పడాల్సింది రేట్లు కలవకపోవడం దగ్గర. యానిమేషన్ 24లో చేసి, ఎడిటర్ టైమ్‌లైన్ 30లో పెడితే ప్రతి నాలుగు ఫ్రేముల్లో ఒకటి రెండుసార్లు పడుతుంది. 60లో పెడితే ఒకటి రెండుసార్లు, తర్వాతిది మూడుసార్లు పడుతుంది. నేపథ్యం పక్కకు జరిగే షాట్‌లో ఈ తడబాటు స్పష్టంగా తెలిసిపోతుంది. చాలామంది దీన్ని చూసి ఫ్రేములు చాలలేదనుకుని ఇంకా పెంచుతారు. డావిన్చీ రిజాల్వ్ ఎడిటర్‌లో టైమ్‌లైన్ ఫ్రేమ్ రేటు ఒకసారి పడ్డాక మార్చడం కుదరదు, కాబట్టి క్లిప్పులు తెచ్చుకోకముందే 24 అని పెట్టుకోండి. ఫోన్‌లో తీసిన 30 ఎఫ్‌పీఎస్ వీడియో కథలో కలుస్తుంటే మొత్తం 30లోనే చేయండి. అప్పుడు టూస్ అంటే సెకనుకు 15 బొమ్మలు.

ఇక 4కే, 60 లేకపోతే యూట్యూబ్ ఎవరికీ చూపించదన్న మాట. యూట్యూబ్ ఇంజనీరింగ్ ఉపాధ్యక్షుడు క్రిస్టోస్ గుడ్రో 2021లో సిఫారసులు ఎలా పనిచేస్తాయో వివరించారు. జనం దేన్ని నొక్కారు, ఎంతసేపు చూశారు, సర్వేలో ఏమన్నారు, షేర్ చేశారా, లైక్ కొట్టారా, డిస్‌లైక్ కొట్టారా అన్నవే అందులో ఉన్నాయి. రిజల్యూషన్ ఊసే లేదు.

ఒక్క విషయం మాత్రం ఒప్పుకోక తప్పదు. 4కేలో అప్‌లోడ్ చేస్తే బొమ్మ శుభ్రంగా కనిపిస్తుందన్న మాటలో నిజముంది. మనం పంపిన ఫైలును యూట్యూబ్ మళ్లీ కుదిస్తుంది. చిన్న ఛానెళ్ల 1080 వీడియోలకు తరచూ పాత హెచ్.264 కోడెక్ (కుదించే పద్ధతి) దక్కుతుంది. 1440, ఆపైన వచ్చినవాటికి మెరుగైన వీపీ9, ఎక్కువ బిట్‌రేటు దక్కుతాయి. సన్నటి గీతలు, వాన, ఆకుల గుంపులు ఉన్న షాట్లలో ఆ తేడా తెలుస్తుంది. అయితే దీనికోసం 4కేలో గీయనక్కర్లేదు, రెండర్ చేయనక్కర్లేదు. 1080లో పూర్తయిన సినిమాను చివర్లో ఎడిటర్‌లోనే 2160కి పెంచి, 24 ఎఫ్‌పీఎస్‌లోనే ఎక్స్‌పోర్ట్ చేస్తే సరిపోతుంది. నెట్ డేటా సరిపడా ఉన్నవాళ్లే ఆ పని చేయండి. 1080 వీడియోకు యూట్యూబ్ సూచించే 8 ఎంబీపీఎస్‌లో అయిదు నిమిషాలకు 300 ఎంబీ అయితే, 4కేకు సూచించే కనిష్ఠం 35 ఎంబీపీఎస్‌లో 1,300 ఎంబీ దాటుతుంది.

ఇలాంటి అపోహలు ఇంకొన్ని ఉన్నాయి. బిట్‌రేటును 100 ఎంబీపీఎస్‌కి పెంచితే నాణ్యత పెరుగుతుందన్నది తప్పు, మీ డేటా అయిపోతుంది, అంతే. ఎంపీ4 కన్నా ఎంఓవీ మేలన్నదీ తప్పే, అవి రెండూ పెట్టెలు మాత్రమే, లోపల ఏ కోడెక్ ఉందన్నదే ముఖ్యం. ఉచిత ఎడిటర్లన్నీ వాటర్‌మార్క్ వేస్తాయన్నది ఇంకో వట్టిమాట.

ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మంచి పని రాదనే వాళ్లకు ‘ఫ్లో’ చాలు. లాత్వియా దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ ఆ సినిమాను బ్లెండర్‌లోనే తీసి 2025లో ఆస్కార్ అందుకున్నారు. ఘిబ్లీ స్టూడియో వాడిన టూంజ్‌కు ఉచిత రూపమైన ఓపెన్‌టూంజ్ 2016 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. ఇవి ఉండగా క్రాక్ చేసిన ఖరీదైన సాఫ్ట్‌వేర్ కోసం వీడియోల కింది లింకులు నొక్కడం ప్రమాదం. అలాంటి ఫైళ్లలో బ్రౌజర్ కుకీలను దొంగిలించే మాల్‌వేర్ దాక్కుని ఉంటుంది. లాగిన్ అయి ఉన్న సెషన్‌నే ఎత్తుకుపోతారు కాబట్టి పాస్‌వర్డూ ఓటీపీలూ కాపాడవు. ఛానెల్ రాత్రికి రాత్రి ఇంకొకరి చేతిలోకి పోతుంది. దయచేసి ఆ పని చేయకండి.

బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ వేరు, ఎడిటర్ వేరు అన్నది గుర్తుపెట్టుకుంటే ఎంపిక తేలికవుతుంది. ఫ్రేము తర్వాత ఫ్రేము గీయడానికి క్రిటా గానీ, ఓపెన్‌టూంజ్ గానీ, బ్లెండర్‌లోని గ్రీజ్ పెన్సిల్ గానీ తీసుకోండి. కూర్చడానికి 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌లో షాట్‌కట్ లేదా కెడెన్‌లైవ్ చాలు. 16 జీబీ, మంచి గ్రాఫిక్స్ ఉంటే రిజాల్వ్ తీసుకోండి. ఉచిత వెర్షన్‌లోనే 3840×2160 దాకా ఎక్స్‌పోర్ట్ అవుతుంది. రెండర్‌ను నేరుగా వీడియోగా కాక పీఎన్‌జీ బొమ్మల వరుసగా తీయండి. కరెంటు పోయినా అప్పటిదాకా అయిన ఫ్రేములు డిస్కులో భద్రంగా ఉంటాయి, ఆగిన నంబరు నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు.

తెలుగు పేర్లు పడేచోట ఒత్తులు విడిపోతే సాఫ్ట్‌వేర్ మార్చేయకండి. ప్రీమియర్‌లో అయితే టెక్స్ట్ ఇంజిన్‌ను దక్షిణాసియా లిపులకు మార్చుకోవాలి. మిగతా ఎడిటర్లలో ఇబ్బంది వస్తే టైటిల్‌ను ఇంక్‌స్కేప్‌లో రాసి, వెనక రంగు లేకుండా పీఎన్‌జీగా తెచ్చుకోండి. ‘స్త్రీ’ అన్న అక్షరం సరిగ్గా పడిందో లేదో ముందు చూసుకోండి.

ఇలా మిగిలిన సమయమంతా శబ్దానికి ఇవ్వండి. బొమ్మల్లో లోపాన్ని చూసేవాళ్లు క్షమిస్తారు, మాట వినపడకపోతే అక్కడే ఆపేస్తారు. డైలాగులు ముందు రికార్డు చేసి, వాటి మీద పెదాలు కదపండి. ఫ్యాన్ ఆపి, పరుపులూ బట్టలూ ఉన్న గదిలో ఫోన్‌ను జానెడు దూరంలో పెట్టుకుని మాట్లాడండి. మీ ఊళ్లో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి. ఆడాసిటీలో హోరు తగ్గించి, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా టైమ్‌లైన్‌లో పెట్టాకే మొదటి బొమ్మ గీయండి.