వైద్యం చేసేవాళ్లే అలసిపోతే..? ‘బర్నౌట్’కు మందు డ్యూటీ చార్ట్‌లోనే ఉంది!

వరంగల్: ఎంజీఎం ఆస్పత్రి ఒక్క ఓరుగల్లుకే కాదు.. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ పల్లెలకూ పెద్ద దిక్కు. ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర సరిహద్దుల నుంచీ పేషెంట్లు వస్తుంటారు. మరి ఈ రద్దీని రాత్రింబవళ్లు మోసే డాక్టర్లు, నర్సుల సంగతేంటి?

అసలేంటీ బర్నౌట్?
ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని వృత్తిపరమైన సమస్యగా గుర్తించింది. ఇది జబ్బు కాదు.. దీర్ఘకాలం తగ్గని పని ఒత్తిడి ఫలితం. గుర్తులు మూడు. ఒంట్లో సత్తువ ఉండదు. పనిమీద విరక్తి పుడుతుంది. ఏం చేసినా సరిగా చేయలేకపోతున్నామనిపిస్తుంది. పేషెంట్‌పై విసుక్కునే డాక్టర్‌ని చూసి పొగరు అనుకుంటాం. కొన్నిసార్లు అసలు కారణం ఈ అలసటే కావచ్చు. నిద్రలేని కళ్లతో మందు డోసు రాస్తే పొరపాటు జరిగే ప్రమాదమూ ఎక్కువే.

యోగా క్లాస్ పెడితే చాలా?
చాలదు. ఒత్తిడి పుట్టేది పనిచేసే చోట.. కాబట్టి మార్పు కూడా అక్కడే రావాలి. జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 2024లో ఓ లెక్క చెప్పింది. రెసిడెంట్ డాక్టర్లకు వారానికి 74 గంటలు మించొద్దు. అంటే ఒక 24 గంటల డ్యూటీ, ఐదు రోజులు పదేసి గంటలు, ఒక రోజు సెలవు. ఇది సిఫార్సే.. అమలు చేయాల్సింది మాత్రం డ్యూటీలు వేసే హెచ్‌వోడీలు, సూపరింటెండెంట్లే.

జూడాలు అడిగిందేంటి?
2024 జూన్‌లో తెలంగాణ జూడాలు సమ్మెకు దిగారు. స్టైఫండ్ నెలనెలా ఇవ్వాలి, భద్రత పెంచాలి, కాకతీయ మెడికల్ కాలేజీలో రోడ్లు వేయాలి.. ఇలాంటివే వాళ్ల డిమాండ్లు. గొంతెమ్మ కోరికలేం కాదు. ఇలాంటి చిన్న ఇబ్బందుల్ని నెలల తరబడి పట్టించుకోకపోతేనే సిబ్బంది మనసు విరిగిపోతుంది.

పెద్దలు ఏం చేయొచ్చు?
* డ్యూటీ చార్ట్ ముందే ఇవ్వాలి. నైట్ డ్యూటీ తర్వాత విశ్రాంతి తప్పనిసరి చేయాలి.
* రెస్ట్ రూమ్, తాగునీరు, టాయిలెట్ సరిగ్గా ఉండాలి.
* అధికారులు వారానికోసారి వార్డుకే వెళ్లి ‘ఏం ఇబ్బంది ఉంది?’ అని అడగాలి. విన్నదాంట్లో ఒక్కటైనా పరిష్కరించాలి.
* తప్పు జరిగితే అందరి ముందు తిట్టకుండా, ఎందుకు జరిగిందో చూడాలి.
* బంధువుల దాడి జరిగితే మేనేజ్‌మెంటే ముందుండి ఫిర్యాదు చేయాలి.

వరంగల్ పాత సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తుల ఆస్పత్రికి 2021 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. పడకలు పెంచితే సరిపోదు. వాటికి తగ్గ సిబ్బందినీ ముందే లెక్కేసుకోవాలి. లేదంటే ఉన్నవాళ్ల భారం ఇంకా పెరుగుతుంది. ఆ దెబ్బ చివరికి తగిలేది పేషెంట్లకే!