కుర్చీ దిగని కాళ్లు... కొండ చుట్టిన కాళ్లు!

లిఫ్టు ముందు నలుగురు నిలబడి ఉంటారు. వెళ్లాల్సింది రెండో అంతస్తుకే. పక్కనే మెట్లున్నాయి. అయినా సరే, పైన ఎక్కడో ఆగిపోయిన లిఫ్టు దిగొచ్చేదాకా ఎదురుచూస్తారు తప్ప మెట్లవైపు తిరగరు. విశాఖపట్నంలో ఏ పెద్ద ఆఫీసుకైనా ఉదయం పది గంటలకు వెళ్లి చూడండి... ఇదే దృశ్యం.

ఆ నలుగురిలోనే ఒకరిద్దరు ఆషాఢ పౌర్ణమి ముందురోజు సింహాచలం కొండ కింద, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొడతారు. చెప్పులు వదిలేసి నడక మొదలుపెడతారు. రాత్రంతా నడిచి, 32 కిలోమీటర్లు పూర్తిచేసి, తెల్లవారేసరికి మళ్లీ ఆ కొండ కిందికే చేరుకుంటారు!

మరి వీళ్లు బద్ధకస్తులా, పట్టుదల ఉన్నవాళ్లా? 'బరువు తగ్గాలనే ఉంది సార్, కానీ మనసు ఒప్పట్లేదు' అనే ప్రతి ఉద్యోగీ ఒక్కసారి ఆలోచించాల్సిన ప్రశ్న ఇది.

పని మారింది... పళ్లెం మారలేదు

విశాఖ రేవు 1933లో మొదలైంది. అప్పట్లో రేవంటే భుజాలమీద బస్తాలు, నెత్తిమీద తట్టలు. తర్వాత క్రేన్లొచ్చాయి, కన్వేయర్లొచ్చాయి, ఆ తర్వాత కంప్యూటర్లొచ్చాయి. ఉక్కు కర్మాగారం కథా అంతే. కొలిమి దగ్గర చెమటోడ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ కంట్రోల్ రూముల్లో, అకౌంట్సులో, స్టోర్సులో తెర ముందు కూర్చునేవాళ్లూ తక్కువేం కాదు. నగరం నుంచి ఉక్కునగరం దాదాపు పాతిక కిలోమీటర్లు. రానూపోనూ బస్సులో కూర్చున్నదీ, సీటులో కూర్చున్నదీ, ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చున్నదీ కలిపితే రోజులో సగం కుర్చీలోనే గడిచిపోతుంది.

తాతల కాలంనాటి కష్టం పోయింది. తాతల కాలంనాటి అన్నం మాత్రం పోలేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వేసిన లెక్క చూడండి. కూర్చుని పనిచేసే 65 కిలోల మగవాడికి రోజుకు 2110 కెలోరీలు చాలు. అదే బరువుండి కాయకష్టం చేసేవాడికి 3470 కావాలి. అంటే రేవులో బస్తాలు మోసే కళాసీకీ, ఆ బస్తాల లెక్క రాసే గుమస్తాకీ మధ్య తేడా 1360 కెలోరీలు. కూర్చుని పనిచేసే 55 కిలోల మహిళకైతే 1660 సరిపోతాయి. ఈ లెక్క మన క్యాంటీన్లకు ఎవరైనా చెబితే బాగుణ్ణు! పదకొండింటికి టీతోపాటు బజ్జీ, మధ్యాహ్నం క్యారియర్లో అడుగు అరకు అన్నం, నాలుగింటికి మళ్లీ టీ. మధ్యలో ఎవరికి ప్రమోషనొచ్చినా మాడుగుల హల్వా. వద్దంటే నొచ్చుకుంటారు కూడాను.

లండన్ బస్సులో దొరికిన రహస్యం

కూర్చునే ఉద్యోగం గుండెకు ఏం చేస్తుందో మొదట గట్టిగా నిరూపించింది జెరెమీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు. ఆయన ఎంచుకున్నది లండన్‌లోని డబుల్ డెక్కర్ బస్సుల్ని. డ్రైవరు షిఫ్టంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టికెట్ల కోసం రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతుంటాడు. ఇద్దరిదీ ఒకే సంస్థ, ఒకే బస్సు. కానీ గుండెజబ్బులు కండక్టర్లలో బాగా తక్కువ. 1953లో ఈ పరిశోధన అచ్చయింది.

అప్పుడొక అనుమానం వచ్చింది. లావుగా ఉన్నవాళ్లే డ్రైవర్లుగా చేరుతున్నారేమో? దానికి మోరిస్ బృందం పట్టుకున్న ఆధారం భలే తమాషాగా ఉంటుంది. సంస్థ కుట్టించి ఇచ్చే యూనిఫారం ప్యాంట్ల నడుం కొలతలు! అనుకున్నట్టే డ్రైవర్ల నడుములు పెద్దవిగా తేలాయి. అయితే నడుం సన్నమా, లావా అని విడదీసి చూసినా మెట్లెక్కే కండక్టర్లకే గండం తక్కువగా కనిపించింది. పొట్ట సంగతి పొట్టదే, కదలిక సంగతి కదలికదే అన్నమాట. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

మన దగ్గర ప్యాంటు కొలతలు ఎవరూ దాచరుగానీ బెల్టు దాస్తుంది. పాత బెల్టు తీసి చూసుకోండి. ఏ చిల్లు దగ్గర తోలు ముడతలు పడిందో, ఇప్పుడు ఏ చిల్లులో పెడుతున్నారో! భారతీయ మగవాళ్లకు నడుం 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదమని వైద్యులు చెబుతున్నారు.

మూడోవారం గండం

బరువు తగ్గాలన్న నిర్ణయాలన్నీ దాదాపు ఒకేలా మొదలవుతాయి. జనవరి ఒకటో, ఉగాదో, లేదా ఆఫీసులో చేయించిన వైద్యపరీక్షల రిపోర్టో. కొత్త బూట్లొస్తాయి. బీచ్ రోడ్డులో తెల్లవారుజామున కొన్ని గంటలు వాహనాలు రానివ్వరు కాబట్టి హాయిగా నడక. మొదటివారం ఉత్సాహం. రెండోవారం ఒళ్లునొప్పులు. మూడోవారం బరువు తూచే మిషనెక్కి చూస్తే... ముల్లు కదల్లేదు. నాలుగోవారం బూట్లు మంచం కిందికి!

తప్పు మనిషిది కాదు, లెక్కది. 70 కిలోల మనిషి మూడు కిలోమీటర్లు నడిస్తే ఖర్చయ్యేది సుమారు 150 కెలోరీలు. కిలో కొవ్వు కరగాలంటే 7700 కెలోరీలు కావాలి. తిండిలో ఏ మార్పూ లేకుండా రోజూ నడిస్తే కిలో తగ్గడానికి యాభై రోజులు పడుతుంది. ఒక పూరీలో 80 నుంచి 100 కెలోరీలుంటాయి. నడక ముగించుకుని నలుగురూ కలిసి టిఫిన్ సెంటరుకెళ్లి రెండు పూరీలు లాగిస్తే లెక్క సున్నా కాదు, మైనస్! బీచ్ రోడ్డు నడకబృందాల్లో ఈ అలవాటు ఎంతమందికుందో వాళ్లనే అడగండి. నవ్వేసి ఊరుకుంటారు.

కాబట్టి ముల్లును చూసి మనసు విరిచేసుకోవద్దు. దీనికి మన దేశంలోనే గట్టి సాక్ష్యం ఉంది. చెన్నైకి చెందిన డాక్టర్ ఎ.రామచంద్రన్ బృందం షుగరు వచ్చే అంచున ఉన్న 531 మందిపై పరిశోధన చేసి 2006లో ఫలితాలు ప్రకటించింది. వాళ్లలో చాలామంది మధ్యతరగతి ఉద్యోగులు, వాళ్ల కుటుంబసభ్యులు. మూడేళ్లలో ప్రత్యేక సలహాలేవీ అందనివాళ్లలో నూటికి 55 మందికి షుగరు వచ్చేసింది. నడక, తిండిలో మార్పులు పాటించినవాళ్లలో అది 39 దగ్గర ఆగింది. విశేషమేమిటంటే వీళ్లేమీ పెద్దగా బరువు తగ్గలేదు! ముల్లు నిలబడే ఉంది, జబ్బు మాత్రం వెనక్కి తగ్గింది. లండన్ కండక్టర్ల కథే ఇది కూడా.

ఆ రాత్రి ఏం జరుగుతుంది?

మళ్లీ సింహాచలం వద్దాం. గిరి ప్రదక్షిణ దారి చిన్నదేం కాదు. అడవివరం దాటి ఆరిలోవ, హనుమంతవాక, అక్కడినుంచి సముద్రం వైపు జోడుగుళ్లపాలెం. కొందరు అక్కడ సముద్రస్నానం చేస్తారు. తర్వాత అప్పూఘర్, ఎంవీపీ కాలనీ, వెంకోజీపాలెం, ఇసుకతోట, సీతమ్మధార, మాధవధార, ఎన్ఏడీ జంక్షన్, గోపాలపట్నం మీదుగా మళ్లీ కొండ దగ్గరికి. దారిపొడవునా మజ్జిగ, మంచినీళ్లు, పులిహోర పంచే చేతులు. వాన పడొచ్చు, ఉక్క పోయొచ్చు. ముసలివాళ్లు నడుస్తారు, చంకలో పిల్లల్తో తల్లులు నడుస్తారు, తెల్లారితే డ్యూటీకి వెళ్లాల్సినవాళ్లూ నడుస్తారు.

'అదంతా భక్తి, అప్పన్న మహిమ' అంటారు. కాదనేవాళ్లెవరు? కానీ ఆ భక్తి చుట్టూ ఉన్న ఏర్పాటును కూడా చూడాలి. ఒకటి, తేదీ. పంచాంగం నిర్ణయించిన రోజు అది, మన వీలు చూసి మారదు. రెండు, మొక్కు. నలుగురికీ చెప్పేశాం, ఇప్పుడు మానేస్తే బాగోదు. మూడు, గుంపు. పక్కింటివాళ్లో, ఆఫీసువాళ్లో, అన్నదమ్ములో వెంట ఉంటారు. ఇరవయ్యో కిలోమీటరు దగ్గర 'ఇక నావల్ల కాదు' అన్నప్పుడు 'పద బావా, ఎన్ఏడీ వచ్చేసింది' అనేవాడొకడు ఉంటాడు. అన్నిటికంటే ముఖ్యమైనది... అక్కడ ఎవరూ బరువు తూచుకోరు!

ఆఫీసు ఉద్యోగి ఒంటరిగా, తేదీ లేకుండా, ఎవరికీ చెప్పకుండా, రోజూ ముల్లు చూసుకుంటూ బరువు తగ్గాలనుకుంటాడు. అందుకే అది సాగదు. కొండ చుట్టిన మనిషిలో, లిఫ్టు ముందు నిలబడిన మనిషిలో ఉన్న పట్టుదల ఒక్కటే. కట్టుబాటు వేరు.

అలాగని ఏడాదికోసారి 32 కిలోమీటర్లు నడిచి, మర్నాడు కుంటుకుంటూ వచ్చి, మిగతా రోజులన్నీ కుర్చీలో కూర్చుంటే ఒంటికి ఒరిగేదేం లేదు. అదే దూరాన్ని రోజుకు మూడు కిలోమీటర్ల చొప్పున నడిస్తే పదకొండు రోజుల్లో ఒక ప్రదక్షిణ పూర్తవుతుంది. ఏడాదికి ముప్పై మూడు!

గుర్తుచేసేవాడు ఒకడుండాలి

కట్టుబాటుకు పెద్ద హంగామా కూడా అక్కర్లేదని అదే రామచంద్రన్ బృందం మరో పరిశోధనలో చూపించింది. 2009 నుంచి 2012 వరకు ఆగ్నేయ భారతంలో పది చోట్ల జరిగిందది. షుగరు అంచున ఉన్న 537 మంది మగ ఉద్యోగుల్ని తీసుకున్నారు. అందరికీ మొదట్లో ఒకే సలహాలిచ్చారు. సగంమందికి మాత్రం ఆ తర్వాత కూడా తరచూ సెల్‌ఫోనుకు చిన్న చిన్న ఎస్ఎంఎస్‌లు పంపారు. నడవండి, ఇది తినండి, అది తగ్గించండి అని, అంతే. ఎస్ఎంఎస్‌లు అందనివాళ్లలో 73 మందికి షుగరొస్తే, అందినవాళ్లలో 50 మందికే వచ్చింది. మందులేదు, మాత్రలేదు. గుర్తుచేసే రెండు ముక్కలు!

ఆ పని మీ పక్క సీటాయన చేయలేడా? పొద్దున్నే 'లేచావా?' అని ఒక మిస్డ్ కాల్. మధ్యాహ్నం భోంచేశాక ఇద్దరూ కలిసి ఆఫీసు చుట్టూ పది నిమిషాలు. కలిసి టీ తాగడానికి తోడు దొరికినప్పుడు కలిసి నడవడానికి దొరకదా!

కాసేపు లేచి తిరగడానికి కూడా విలువుంది. ఇరవై నిమిషాలకోసారి లేచి రెండు నిమిషాలు నడిస్తే, భోజనం తర్వాత పెరిగే షుగరు బాగా తగ్గుతుందని ఆస్ట్రేలియాలో 2012లో తేలింది. ఇరవై నిమిషాలకోసారి లేస్తే ఆఫీసరు ఊరుకోడంటారా, గంటకోసారైనా లేవండి. ఫైలు ప్యూనుతో పంపకుండా మీరే పట్టుకెళ్లండి. ఫోనొస్తే నిలబడి మాట్లాడండి. ఇక పది లక్షల మందికి పైగా వివరాల్ని కలిపి చూసిన 2016నాటి మరో అధ్యయనం ప్రకారం, రోజుకు ఎనిమిది గంటలకు పైగా కూర్చోవడంవల్ల పెరిగే ప్రాణగండం పోవాలంటే గంట నుంచి గంటంపావు చురుకైన కదలిక కావాలి. ఒకేసారి అక్కర్లేదు, ముక్కలుగానైనా సరే.

షిఫ్టులవాళ్ల గోడు వేరు. ఏ-షిఫ్టు ఆరింటికి. బస్సు అందుకోవాలంటే నాలుగున్నరకే తయారవ్వాలి. అలాంటివాళ్లకు 'తెల్లవారుజామున నడవండి' అని చెప్పడం ఎగతాళే అవుతుంది. రెండు స్టాపుల ముందు బస్సు దిగడమో, సాయంత్రం ఉక్కునగరం చెట్లనీడలో నడవడమో వాళ్లకు కుదిరే పని. నగరంలోవాళ్లకు బీచ్ రోడ్డు, శివాజీ పార్కు, కైలాసగిరి మెట్లు ఉన్నాయి. పాత సెంట్రల్ జైలు స్థలంలో కట్టిన సెంట్రల్ పార్కూ ఉంది. ఒకప్పుడు మనుషుల్ని కదలకుండా ఉంచిన చోట ఇప్పుడు జనం కదలడానికి వెళ్తున్నారు!

ఇంకొక్క మాట, కాస్త చేదుగానే ఉంటుంది. పొద్దున్నే ఆయన బీచ్ రోడ్డులో నడుస్తుంటే ఆ గంటలో పిల్లల టిఫిను, క్యారియరు, స్కూలు బస్సు ఎవరు చూస్తున్నారు? ఆవిడా బ్యాంకులోనో, ఎల్ఐసీలోనో ఎనిమిది గంటలు సీటులో కూర్చునే మనిషే కదా. ఆవిడ నడుమెవరూ కొలవరేం? వారంలో మూడు రోజులు ఆయన వంటింట్లో ఉండి, ఆవిడ బూట్లేసుకోవాలి. ఆదివారం ఇద్దరూ సంచి పట్టుకుని రైతుబజారుకు నడిచే వెళ్లాలి. కూరలొస్తాయి, నడకా అవుతుంది. పళ్లెంలో అన్నం ఒక గరిటె తగ్గి, ఆనపకాయో తోటకూరో ఒక గరిటె పెరిగితే ఎవరి కడుపూ మాడదు.

ఇదంతా చదివి వచ్చే ఆషాఢానికి గిరి ప్రదక్షిణ చేసి తీరతామని ఇప్పుడే అనుకుంటున్నారా? మంచిదే. ఆఫీసులో నలుగురికి చెప్పేయండి, మాట వెనక్కి తీసుకునే వీలుండదు. మూడు నెలల ముందునుంచే నడక మొదలుపెట్టి, వారంవారం కొంచెం కొంచెం పెంచండి. నలభై దాటినవాళ్లు, బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టరుకు చూపించుకోండి. షుగరు ఉన్నవాళ్లు మాత్రం చెప్పుల్లేకుండా నడవొద్దు. పాదానికి తిమ్మిరుంటే ముల్లు గుచ్చుకున్నా తెలియదు. మెత్తటి బూట్లు, శుభ్రమైన మేజోళ్లు వేసుకుని, జేబులో నాలుగు బిస్కట్లు పెట్టుకుని వెళ్లండి. అప్పన్నస్వామి ఏమీ అనుకోడు.